అందించని మాట

నవంబరు తొమ్మిది, గురువారం. ఆ రోజు మధ్యాహ్నం ఆమె తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడికించిన గుడ్డులో సగం. మిగతా సగం మామగారి పళ్ళెంలో వేసింది. ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం గుడ్డు కాదు. ఆఖరి ముక్క ఇంకా నోట్లో ఉండగానే మందులషాపాయన గుమ్మంలోకి వచ్చి, చేతిలోని కాగితాన్ని వీపు వెనక్కి పెట్టుకుని, "ముందు తినెయ్యమ్మా" అన్నాడు. మంచి కబురు తెచ్చినవాడెవడూ అలా అనడు.

ఆ వీధిలో అందరికీ ఆమె బైండింగ్ అక్క. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు, రెంటికీ మధ్య ఒక కర్టెను. బల్ల మీద గుడి పాటల పుస్తకాలు నూట ఇరవై, పాత అట్టలు ఊడదీసి ఉంచినవి, ఈకలు పీకిన కోళ్ళలా వరుసగా పడుకుని ఉన్నాయి. సంవత్సరంలో సంఘంలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివే ఆదివారం ఇంకా మూడు రోజులుంది. ఈ ఏడు పద్నాలుగు పేర్లు. ఏడో పేరు ఆమె భర్తది. పేర్లు చదవడం అయ్యాక ఆమె కట్టిన పాట పాడదామని కమిటీ అనుకుంది. దాన్ని అచ్చు వేయించి ఒక్కో పుస్తకం చివర అతికించే పని కూడా ఆమెదే.

చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఆమె కాగితం అందుకుంది.

ఎడమ పక్క పాట, కుడి పక్క మార్జినులో అంకెలు. ఆ సంఘంలో అదొక నియమం. కొత్త పాట ఏది పాడాలన్నా ప్రతి పంక్తికీ ఎదురుగా, అది బైబిలు వాక్యంలో ఎక్కడినుంచి వచ్చిందో అధ్యాయం, వచనం అంకెలు పడాలి. ఎప్పుడో ఒక భక్తుడు, గుడికి ఫ్యాన్లు ఇచ్చిన కాంట్రాక్టరు మంచితనాన్ని మూడో చరణంలో ఇరికించి, జనం చేత రెండు నెలలు భక్తిగా పాడించాడట. అది బయటపడ్డాక పుట్టిన నియమం. అంకెలు వేసేది లెక్కల మాష్టారు. బడి మానేసి పదిహేనేళ్ళయినా ఆయన ఇంకా లెక్కల మాష్టారే. ఆధారం చూపించకుండా జవాబు రాస్తే, జవాబు సరైనదైనా సున్నా వేసే మనిషి.

పన్నెండు పంక్తుల్లో పదకొండింటికి ముత్యాల్లాంటి అంకెలు పడ్డాయి. రెండో చరణం దగ్గర మాత్రం స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత ఉంది.

దీపము నీవని తలుపు తీసితిని
దారియు నీవని అడుగు వేసితిని
పిలిచిన రాత్రి నీవు పలుకలేదు
పలుకని నిన్నే నేను విడువలేదు

గీత మూడో పంక్తి మీద. దాని పైన అదే ఎర్రసిరాతో, 'పిలిచిన వెంటనే నీవు పలికితివి' అని రాసి ఉంది. దానికి ఎదురుగా ఒకటి కాదు, రెండు వచనాలు.

మందులషాపాయన స్టూలు మీద సగం మాత్రమే కూర్చున్నాడు. పూర్తిగా కూర్చుంటే అది మోయదని ఆయనకూ తెలుసు, స్టూలుకూ తెలుసు. గుడిలో హార్మోనియం ఆయనదే. ఆయన ఊపిరి ఏదో, పెట్టె ఊపిరి ఏదో చెప్పలేమని పిల్లలు నవ్వుకుంటారు. ఒక్క లైనే కదమ్మా, అన్నాడు. బాణీ మారదు, తాళం మారదు, నాలుగో లైనులో కూడా 'పలికిన నిన్నే' అనుకుంటే సరిపోతుంది, వినేవాళ్ళకు తేడా కూడా తెలీదు అని చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వైపు చూడలేదు.

"ఇది అబద్ధం కదన్నయ్యా."

"అబద్ధమెలా అవుతుందీ? దానికి రెండు వచనాలున్నాయి."

"వచనాలు నిజమే. ఆ రాత్రి నాది."

కర్టెను వెనకనుంచి మామగారి దగ్గు వినిపించింది. ఆయనకు కళ్ళు మసకబారి నాలుగేళ్ళయింది. చెవులు మాత్రం గోడ అవతలి గుసగుసను కూడా పట్టి తెస్తాయి. "అమ్మాయ్," అన్నాడు, "ఆ ఆసుపత్రి బెంచీ మీద కూచుని పిలిచింది మనిద్దరం. పలికాడో లేదో మాష్టారికి ఎవరు చెప్పారంట?"

మందులషాపాయన లేచి, స్టూలును దాని చోట్లో జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ పాట ఆమె రాసిందనడం కంటే కుట్టిందనడం నిజం. మడిచిన కాగితాల ఫారాలు కుట్టేటప్పుడు దబ్బనం దిగడానికి ఒక మాట, దారం లాగడానికి ఒక మాట, ముడి బిగించే చోట కాస్త ఆగడం. అలా నెలల తరబడి చేతుల్లోంచి వచ్చింది. మూడో పంక్తి దగ్గర దారం ఎప్పుడూ గట్టిగా బిగిసేది. ఆ సాయంత్రం ఆమె ఎర్రసిరా పంక్తిని పెట్టి కుట్టి చూసింది. దారం ఊరికే జారిపోయింది. కుట్టు వదులైందని ఆ పుస్తకం విప్పి మళ్ళీ కుట్టింది, పాట లేకుండా.

*

శుక్రవారం సాయంత్రం గుడిలో సాధన. మాష్టారు అప్పటికే వచ్చి, హార్మోనియం పక్కన తన చోట్లో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడత పెట్టిన రుమాలు. ముప్పై ఏళ్ళుగా అది ఆయన చోటు. సంఘంలో సగంమందికి చదువు రాదు, మిగతా సగంలో సగానికి కళ్ళద్దాలు లేవు. అందుకని ప్రతి పంక్తినీ ఆయన ముందుగా, బాణీ లేకుండా, స్పష్టంగా పలుకుతారు. హార్మోనియం ఎత్తుకుంటుంది, జనం అందుకుంటారు. దీన్ని వాళ్ళు అందించడం అంటారు. మాష్టారు అందించని పాట ఆ గుడిలో పాట కాదు. ఆయన అందించిన మాట, పెళ్ళి పాటైనా చావు పాటైనా, పాలు తాగే పిల్లను ఎత్తుకున్న తల్లి దగ్గర్నుంచి ముందు వరుసలో కూర్చునే మామగారి దాకా ఎవరి నోట్లోనూ తడబడేది కాదు.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణంలో ఆయన ఎర్రసిరా పంక్తిని అందించారు. పాడేవాళ్ళు ఆరుగురు అందుకున్నారు. ఆమె నోరు మూసుకుని నిలబడింది. హార్మోనియం ఆగింది.

మాష్టారు కోప్పడే మనిషి కాదు. అదే కష్టం. ఆమె భర్త ఆసుపత్రిలో ఉన్న ఇరవై రెండు రోజులూ, రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిన మనిషి. అలాంటి మనిషితో పోట్లాడాలంటే ముందు మనసును ఎక్కడో కట్టేసి రావాలి. ఆమె మెల్లగానే అడిగింది, ఆ పంక్తిలో తప్పేమిటని. మాష్టారు కూడా మెల్లగానే చెప్పారు. పాట సంఘమంతా కలిసి పలికే సాక్ష్యం. ఒక్కరి గుండెలో మాట వేరు, నూరుమంది నోట వేరు. నిన్న కాక మొన్న విశ్వాసంలోకి వచ్చినవాళ్ళుంటారు. దేవుడు పలకలేదని వాళ్ళ చేత పాడిస్తే, ఆ బరువు ఎవరిది?

"పలికాడని నాచేత పాడిస్తే ఆ బరువు ఎవరిది మాష్టారూ?" అంది ఆమె.

పాస్టరు అయ్యగారు చిన్నవాడు, ఈ సంఘానికి వచ్చి ఏడాది కాలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడిలా ఇటూ అటూ చూశాడు. ఈసారికి సర్దుకుపొమ్మన్నాడు. ఎవరు ఎవరికి సర్దుకోవాలో మాత్రం చెప్పలేదు. అయితే నా పాట తీసేయండి, పాతదేదో పాడుకోండి అంటూ ఆమె చెప్పులేసుకుంది.

గేటు దాకా అయ్యగారు వెనకే వచ్చాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక మాట. ఆ లైనుకి వచనాలు లేక కాదు. నేనూ అడిగాను. ఆయన చూడకుండానే ఏడు చెప్పారు. భక్తులు ఏడుస్తూ అన్న మాటలు, అచ్చం మీ మాటలాంటివే. మరి వేయండి మాష్టారూ అన్నాను. వేయనన్నారు."

ఇంటికి నడుస్తుంటే ఆమెకు కోపం రావాలి. రాలేదు. జవాబు తెలిసీ ఖాళీ వదిలిన మాష్టారిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ మామగారికి ఆ సంగతి చెప్పింది. ఆయన చాలాసేపు నమిలి, "తెలీనివాడితో వాదించొచ్చు," అన్నాడు. "తెలిసినవాడిని అడగాలి. వెళ్ళి అడుగు."

*

శనివారం పొద్దున్నే మాష్టారింటికి వెళ్ళింది. ఆ ఇంటి మొహం చూసి ఆరేళ్ళయింది. ఆయన ఎవరినీ రమ్మనరు, వచ్చినవాళ్ళను వరండాలోనే కూర్చోబెడతారు. ఇవాళ వరండా తలుపు తీసే ఉంది. పిలవబోయి ఆగిపోయింది.

లోపల కిటికీ పక్కన కుర్చీలో మాష్టారి భార్య కూర్చుని ఉంది. చిన్నపిల్లకు కట్టినట్టు మెడకు తువ్వాలు కట్టి ఉంది. మాష్టారు ఎదురుగా పీట మీద కూర్చుని జావ తాగిస్తున్నారు. చెంచాను గిన్నె అంచుకు ఒకసారి తుడిచి, పెదవికి తాకించి, ఆగి, నోరు తెరిచాక పెట్టి, గడ్డం మీద జారినదాన్ని చెంచా అంచుతోనే తీస్తున్నారు. ప్రతిసారీ అంతే, తొందర లేదు. మధ్యలో భార్యను పేరు పెట్టి పిలిచారు. ఆమె కిటికీ వైపే చూస్తోంది. మళ్ళీ పిలిచారు. ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమె పక్కకు తిరిగి వెతికింది. ఆయన ఇంకో చెంచా తీసుకున్నారు.

బైండింగ్ అక్క నాలుగడుగులు వెనక్కి వేసి, గేటు చప్పుడు చేసి మళ్ళీ వచ్చింది.

మాష్టారు చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చారు. ఆమె నిలబడే అడిగింది. వచనాలున్నాయట కదా అని.

"ఉన్నాయమ్మా," అన్నారాయన. "ఏడు. వెతికితే ఇంకా ఉంటాయి."

"మరి?"

ఆయన రుమాలు మడత విప్పి, మళ్ళీ అవే మడతల మీద పెట్టారు. జేబులో పెన్నులు సరిచేసుకున్నారు. "నువ్వు పాడేసి కూర్చుంటావు. దాన్ని అందించాల్సింది నేను," అన్నారు.

లోపల కుర్చీ కిర్రుమంది. ఆయన చెవి అటే ఉంది. ఈ మనిషిని గెలవడానికి తను రాలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. అలాగని ఓడిపోయి ఆ ఎర్రసిరా మాటను తన నోట్లో పెట్టుకుని వెళ్ళడానికీ కాళ్ళు రాలేదు. చివరికి ఒక దారి తోచింది. మీ మాట వద్దు, నా మాట వద్దు, ఆ పంక్తి ఖాళీగా వదిలేద్దాం అంది. మీరు అందించొద్దు, మేం పాడం, హార్మోనియం ఒక్కసారి వాయించి ముందుకు పోతుంది.

మాష్టారు లెక్క చూసినట్టు కాసేపు ఆలోచించారు. "ఖాళీకి ఆధారం అక్కర్లేదు," అన్నారు. ఆయన మొహంలో కాస్త తెరిపి కనిపించింది. గేటు దాకా వచ్చి, గొళ్ళెం తనే తీసి పట్టుకున్నారు.

ఎదురువీధి ప్రెస్సువాడు కాగితం చూసి మొహం ముడుచుకున్నాడు. మధ్యలో ఒక లైను ఎగిరిపోయినట్టుందనీ, జనం తననే తిడతారనీ అన్నాడు. కావాలనే అలా వదిలామని ఆమె రెండుసార్లు చెప్పాక గానీ మిషను తిప్పలేదు. మధ్యాహ్నానికి నూట ఇరవై కాగితాలు చేతికొచ్చాయి. అప్పటికి పుస్తకాలన్నిటికీ కొత్త అట్టలు పడ్డాయి. పది కాగితాలను మెట్లలా జరిపి పరచి, అంచులు వేలెడు కూడా కాదు, గోరెడు మాత్రమే కనబడేలా చూసుకుని, ఒక్క విసురుతో బ్రష్షు లాగితే పదింటికీ ఒకేసారి జిగురు అంటుకుంటుంది. ఒక్కోటి తీసి పుస్తకం చివర ఆనించి, మడతలు రుద్దే ఎముక ముక్కతో పైనుంచి కిందికి నొక్కాలి. జిగురు ఎక్కువైతే పక్క పేజీ కూడా పట్టుకుంటుంది, తక్కువైతే ఆదివారానికే ఊడుతుంది. ప్రతి కాగితం నొక్కేటప్పుడూ ఆ ఖాళీ ఆమె వేలి కిందికి వస్తూనే ఉంది.

పని చేస్తూ పాట పాడుకుంది. ఖాళీ దగ్గర ఆగి, బాణీ మాత్రం ముక్కుతో లాగింది.

మామగారు కర్టెను అవతలనుంచి, "ముందుపన్ను ఊడిన పిల్ల నవ్వినట్టుంది," అన్నాడు.

"నవ్వింది కదా మావయ్యా. అది చాలు."

"నాకు ఆ లైను వచ్చేసిందే. ఇప్పుడెక్కడ పెట్టను దాన్ని?"

అక్కడే ఉంచుకొమ్మంది ఆమె. పుస్తకాలను రెండు పలకల మధ్య పెట్టి ప్రెస్సు మర తిప్పింది. మర బిగిసిన చప్పుడయ్యాక కాసేపు అక్కడే నిలబడింది. అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు.

*

ఆదివారం గుడి నిండిపోయి, వెనక గోడకు ఆనుకుని కూడా జనం నిలబడ్డారు. అయ్యగారు పేర్లు చదివాడు. ఒక్కో పేరుకూ ఎక్కడో ఒకచోట ఒక బెంచీ కదిలేది, ఒక ముక్కు చీదిన చప్పుడయ్యేది. ఏడో పేరుకు ముందు వరుసలోంచి మామగారు "ఆఁ" అన్నాడు, హాజరు పలికినట్టు. పక్కనున్నవాళ్ళు ఆయన భుజం మీద చెయ్యేశారు.

పద్నాలుగు పేర్లూ అయ్యాయి. హార్మోనియం ఊపిరి పీల్చుకుంది. ఆమె దాని పక్కన, మాష్టారికి రెండడుగుల దూరంలో నిలబడింది. మొదటి చరణం ఆయన అందించారు, జనం అందుకున్నారు. కొత్త పాటలకు మొదట్లో ఉండే బెదురు రెండో పంక్తికే పోయింది. తన పనిగంటల పాట అంతమంది నోట వస్తుంటే ఆమెకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక పుస్తకం వీపును నిమురుతూ ఉండిపోయింది.

రెండో చరణం. 'దీపము నీవని' అందించారు. పాడారు. 'దారియు నీవని' అందించారు. పాడారు. మాష్టారు పెదవులు బిగించారు. అనుకున్న ప్రకారమే హార్మోనియం మూడో పంక్తి బాణీని ఒంటరిగా ఎత్తుకుంది. నిన్నంతా కాగితం మీద ఖాళీగా కనబడ్డది ఇప్పుడు చెవులకు వినబడుతోంది. పంక్తి అయింది. ఇక నాలుగో దానిలోకి దిగాలి.

దిగలేదు. మందులషాపాయన వేళ్ళకు ఇరవై ఏళ్ళ అలవాటు ఒకటుంది. అవి కళ్ళను అడిగి నడవవు, చెవులను అడిగి నడుస్తాయి. జనం అందుకోకపోతే, పాపం వెనకవాళ్ళకు వినబడలేదనుకుని, అదే పంక్తిని మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటాయి. అందుకునేదాకా ముందుకు కదలవు. ఇప్పుడూ అదే చేశాయి. రెండోసారి సగంలోకి వచ్చాక గానీ ఆయనకు గుర్తురాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. మధ్యలో ఆపితే ఇంకా బాగుండదని పూర్తిచేశాడు. పూర్తయ్యాక కంగారులో వేళ్ళు మళ్ళీ మొదటి మెట్టు మీదికే వెళ్ళాయి. ఈసారి ఇంకా నెమ్మదిగా, క్షమాపణ అడిగినట్టు.

జనం ఎదురుచూస్తున్నారు. పుస్తకం చదవగలిగినవాళ్ళకు ఖాళీ కనబడుతోంది. చదవలేనివాళ్ళకు మాష్టారి మొహం ఒక్కటే కనబడుతోంది. ముప్పై ఏళ్ళలో ఆ మొహం వాళ్ళను ఒక్కసారి కూడా నడిమధ్యలో వదిలేయలేదు. ముసలివాళ్ళు చెవులు ముందుకు పెట్టారు. ఒకావిడ చంకలో పిల్లను ఇటునుంచి అటు మార్చుకుని, నోరు కొంచెం తెరిచి, సిద్ధంగా ఉంది.

ఆమె మాష్టారి వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆయన చేతిలోని రుమాలు మడతలన్నీ పోయి ఉండలా అయిపోయింది. ఆ తెరిచిన నోళ్ళను ఒక్కొక్కటిగా చూస్తున్నారాయన. మూడోసారి బాణీ అయిపోవస్తుంటే, ఎప్పటి గొంతుతోనే, హెచ్చించకుండా తగ్గించకుండా, పలక మీద లెక్క చెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా పలికారు.

"పిలిచిన రాత్రి నీవు పలుకలేదు."

ముందు వరుసలోంచి మామగారు, తాళం కోసం ఆగకుండా, బాణీ కంటే నాలుగడుగులు ముందు పరుగెత్తాడు. ఆయన వెనక వెనకగోడ దగ్గర ఒక మగగొంతు, కిటికీ వైపు ఇద్దరు ఆడవాళ్ళు, మొన్న మొన్ననే బిడ్డను పోగొట్టుకున్న డ్రైవరు, అతని భార్య. అక్కడక్కడ ఒక్కొక్క గొంతుగా లేచి, పంక్తి ముగిసేసరికి గుడంతా లేచింది. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఏడుస్తూ పాడినవాళ్ళున్నారు, కానీ అది ఏడుపు పాటలా లేదు. ఎన్నాళ్ళుగానో తల మీద మోస్తున్న బరువును అందరూ ఒకేసారి దించుకుని మెడ నిలిపినట్టుంది.

'పలుకని నిన్నే నేను విడువలేదు' అన్న నాలుగో పంక్తిని మాష్టారు సగమే అందించారు. మిగతా సగం వాళ్ళే ఎత్తుకుపోయారు. మూడోది పడ్డాక నాలుగోది దానంతటదే వస్తుంది, మెట్టు ఉంటే కాలు దానంతటదే పడినట్టు.

ఆయన చెయ్యెత్తి వేలు తిప్పారు, మళ్ళీ మొదట్నుంచి అని. చరణం మళ్ళీ పాడారు. మూడోసారి కూడా తిప్పారు. ఈసారి అందించడం మానేశారు. అవసరం లేకపోయింది. రెండడుగుల దూరంలో నిలబడ్డ ఆమెకు ఒక కొత్త గొంతు వినబడింది. కొంచెం బొంగురు, శ్రుతికి ఒక వెంట్రుకవాసి కింద. అందించేవాడికి పాడే తీరిక ఉండదు. లెక్కల మాష్టారు పాడటం ఆ సంఘంలో ఎవరూ వినలేదు. ఆమె తన గొంతు తగ్గించి ఆయనకు చోటిచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసే మూడో చరణంలోకి వెళ్ళారు.

ఆరాధన అయ్యాక కమిటీ కార్యదర్శి గుమ్మం దగ్గర మాష్టారిని పట్టుకున్నాడు. పుస్తకంలో లేని పంక్తి పాడించారనీ, మార్జినులో ఆధారం లేదనీ, నియమం పెట్టింది మీరేననీ గుర్తు చేశాడు. మాష్టారు అతని చేతిలోని పుస్తకమే తీసుకుని, గోడకు ఆనించి, పెన్ను తీశారు. ఖాళీకి ఎదురుగా అంకెలు వేయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. మార్జిను చాలక అడుగున రాశారు. అడుగు చాలక పక్కకు తిప్పి నిలువుగా రాశారు. ఏడు అయ్యాయి.

"ఇంకా ఉన్నాయి," అన్నారు. "చోటు లేదు. ఇంటికెళ్ళి చూసుకుని రేపు చెప్పు, తప్పుంటే."

కార్యదర్శి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చదువుకుంటూ మెట్లు దిగాడు. సగం దూరం వెళ్ళాక అతను ఆ పంక్తిని తనకు తెలియకుండానే ముక్కుతో లాగుతున్నాడని మందులషాపాయన తర్వాత అందరికీ చెప్పాడు. అందులో ఎంత నిజమో తెలీదు. ఆ రోజు ఆయనకు అంతా తన గొప్పలాగే ఉంది. మూడుసార్లు తప్పు వాయించి ఇంత మంచిపేరు తెచ్చుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదని మామగారు ఆయన మొహం మీదే అన్నాడు.

*

సాయంత్రం నాలుగింటికి మాష్టారు బైండింగ్ దుకాణానికి వచ్చారు. పిలిస్తే వచ్చింది కాదు. మందులషాపాయన చేత నూట ఇరవై పుస్తకాలనూ రెండు బస్తాల్లో మోయించుకొచ్చారు. వేరే కాగితం అచ్చు వేయించడం ఎందుకు, ఖాళీ ఉంది, చేత్తో నింపుదాం అన్నారు. చొక్కా చేతులు మడిచి బల్ల దగ్గర కూర్చున్నారు.

పని వాళ్ళకు వాళ్ళే పంచుకున్నారు. ఆమె చివరి పేజీ తెరిచి, మడత లేవకుండా రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంటుంది. మాష్టారు రాస్తారు. మందులషాపాయన అద్దుడు కాగితంతో అద్ది, ఆరడానికి నిలబెడతాడు. మామగారు లెక్కపెడతాడు, తప్పుగా. నల్లసిరా, బడిరాత, ఏ అక్షరమూ పక్కదాన్ని తోయదు. మొదటి పుస్తకంలో రాసేటప్పుడు ఆయన పెన్ను 'పలుకలేదు' ముందు ఆగింది. పదో పుస్తకానికి ఆగడం మానేసింది. ముప్పైలో ఎక్కడో మామగారు పాట ఎత్తుకున్నాడు. అద్దుతున్నాయన తాళం వేశాడు. రాసేవాడికి చెయ్యి వణుకుతుంది, మెల్లగా కొట్టమని మాష్టారు కసిరారు. ఆయన కసరడం విని అందరికీ ఎందుకో సంతోషమేసింది.

ఎనభై దాటాక, పుస్తకం మీదినుంచి తలెత్తకుండానే మాష్టారు చెప్పారు. "ఆరేళ్ళుగా రోజూ అడుగుతున్నాను, ఆమెకు నన్ను ఒక్కసారి గుర్తు చెయ్యమని. ఆ సంగతి పైకి అంటే ఇంక ఆపలేనేమో అనుకున్నాను. నిన్న నువ్వొచ్చి అడిగినప్పుడు కూడా అదే భయం."

ఆమె పేజీ నొక్కి పట్టుకునే ఉంది. ఆయన పంక్తి పూర్తిచేశారు.

"మధ్యాహ్నం అన్నం పెట్టి, ఆమె దగ్గర కూచుని ఈ చరణం పాడాను. మొత్తం వింది. మధ్యలో కిటికీ వైపు కూడా చూడలేదు." అద్దుడు కాగితం కోసం చెయ్యి చాపారు. "అయిపోయాక, 'ఎవరండీ మీరు, చాలా బాగా పాడుతున్నారు. రేపు కూడా వస్తారా' అంది."

మందులషాపాయన కాగితం ఇవ్వడం మరిచిపోయాడు.

"వస్తానన్నాను," అన్నారు మాష్టారు. అని, బైండింగ్ అక్క ఎన్నడూ చూడని నవ్వొకటి నవ్వి, తర్వాతి పుస్తకం కోసం చూశారు.

నూట ఇరవయ్యోది అయ్యేసరికి వీధి దీపాలు వెలిగాయి. మామగారి లెక్కలో అది నూట నాలుగు. మాష్టారు చొక్కా చేతులు దించుకుని, గుండీలు పెట్టుకుని, జావ వేళయిందంటూ లేచారు. గుమ్మం దాటాక కూడా ఆయన గొంతు కొంతదూరం వినబడింది, బొంగురుగా, శ్రుతికి వెంట్రుకవాసి కింద. ఆయన వెనకే మందులషాపాయన చీకట్లో ఊపిరి పీల్చుకుంటూ నడిచాడు.

మామగారు కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు. ఆమె ఆయన్ను లేపి మంచం దాకా నడిపించి, దుప్పటి కప్పింది. ముందుగదికి వచ్చి చూస్తే, సిరా ఆరడానికి నిలబెట్టిన పుస్తకాలన్నీ చివరి పేజీలు తెరుచుకుని బల్ల నిండా ఉన్నాయి. గాలికి అవి కదులుతుంటే చెరిగిపోతాయనిపించింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, పాట వినబడటం ఆగిపోయేదాకా నిలబడి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.